పన్నెండు కణుపులు

ఆ రైతు చొక్కా జేబులోంచి ఒక అట్టముక్క తీసి కొట్టు బల్ల మీద పెట్టాడు. పురుగుమందు సీసా వచ్చే అట్టపెట్టె తాలూకు మూత అది. సగం చిరిగి, మట్టి కొట్టుకుపోయి ఉంది.

"ఇదే ఇవ్వండి" అన్నాడు.

నేను వ్యవసాయ శాఖలో చేరి అప్పటికి రెండేళ్ళు. ఆ రోజు మందుల నమూనాలు తీసుకోవడానికి నరసరావుపేటలో ఆ కొట్టుకి వెళ్ళాను. ఊరుకోలేక, "ఏం పురుగుందని కొడుతున్నారు?" అని అడిగాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పురుగు సంగతి నాకేం తెలుసమ్మా. ఇది పక్క చేలో గట్టు మీద దొరికింది. ఆయన కొట్టాడంటే దేనికో దానికి పనిచేసుద్ది గదా."

కొట్టాయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాల్సిందే. కానీ నా కుడిచేతి బొటనవేలు దానంతటది వెళ్ళి చిటికెనవేలి మొదటి కణుపు మీద ఆగింది. అక్కణ్ణుంచి రెండోదాని మీదికి, మూడోదాని మీదికి. నమూనాల సంచీ అక్కడే పెట్టి బయటికొచ్చి, ఎరువుల బస్తాల పక్కన నిలబడి ఏడ్చాను.

ఆ లెక్క మా సోషల్ టీచరు గారిది. ఆవిడ పోయారని ఫోనులో తెలిసి అప్పటికి నాలుగు నెలలైంది. తెలిసిన రోజు "అయ్యో పాపం" అని పెట్టేశాను. అంతకుమించి మాట్లాడితే ఏం చెప్పాల్సి వస్తుందోనని భయం.

ఆవిడ పేరు రాయను. మనుషుల పేర్లు దాచి రాసినా ఏమవుతుందో ఆవిడ క్లాసులోనే చూశాను.

సింగరాయకొండ దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు ఆవిడది. తండ్రి చర్చిలో పాస్టరు. తొంభైల చివర్లో మా హైస్కూలుకి బదిలీ మీద వచ్చారు. మాది పిడుగురాళ్ల రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడిచి రావలసిన ఊరు. చూపు ఆనినంత దూరం పత్తి, దాని పక్కన మిరప. ఆవిడ రోజూ నరసరావుపేట నుంచి వచ్చి, ఆ నల్లరేగడి దారిలో నల్లగొడుగు వేసుకుని నడిచేవారు. వానాకాలం చెప్పులు చేత్తో పట్టుకుని, కాళ్ళకు రేగడి బూట్లతో స్కూలు చేరేవారు. బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కునేటప్పుడు మాలో ఎవరు పంపు కొట్టినా, కొట్టినవాళ్ళకి వరసపెట్టి మూడుసార్లు థాంక్స్ చెప్పేవారు. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, గంట సేపు ఆ పెన్సిలు కోసమే బల్లంతా వెతికేవారు. మేం తెలిసీ చెప్పేవాళ్ళం కాదు.

ఆవిడకు కోపం రాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. బాగా వచ్చేది. మేమందరం కలిసి ఒక్క గొంతుతో "అర్థమైందండీ" అంటే వచ్చేది. సుద్దముక్క బల్ల మీద పెట్టేసేవారు.

"ఎవరు ముందన్నారు?"

మేం ఒకరి ముఖాలొకరు చూసుకునేవాళ్ళం.

"నలుగురితో నారాయణ అంటారు. బాగానే ఉంది. ఆ మొదటి నారాయణ ఎవరిదో ఎప్పుడైనా కనుక్కున్నారా?"

అప్పుడు పెట్టారు ఆ నియమం. ఏ ప్రశ్న వేసినా ఎవరూ వెంటనే చెయ్యెత్తకూడదు. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవాలి. వేలికి మూడు చొప్పున పన్నెండు. పన్నెండూ అయ్యాక, పక్కవాడి చెయ్యి చూడకుండా ఎత్తాలి. ఆవిడా మాతోపాటే లెక్కపెట్టేవారు, పెదాలు కదలకుండా. ఆ పన్నెండు కణుపుల సేపు క్లాసు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, హెడ్మాస్టరు గారు రెండుసార్లు తొంగిచూసి వెళ్ళారు, పిల్లలు పారిపోయారేమోనని.

శనివారం చివరి రెండు పీరియడ్లూ మాకు తోటపని. తోటంటే బోరింగు చుట్టూ ఉన్న నాలుగు బంతిమొక్కలు. ఆవిడ ఆ గంటన్నర తీసుకున్నారు. దూరవిద్యలో ఏదో ఎమ్మే చదువుతున్నారట. అట్ట వేసిన పొడుగు నోటు పుస్తకం తెచ్చి, బోర్డు మీద "సాంఘిక మనస్తత్వ శాస్త్రం" అని రాశారు. తొమ్మిదో తరగతికి అంత పొడుగు మాట ఎందుకని మేం నవ్వితే, "ఇది పరీక్షలో రాదు, కాబట్టి శ్రద్ధగా వినండి" అన్నారు. నలుగురిలో ఉన్నప్పుడు మనిషి ఎందుకు మారిపోతాడో చెప్పే చదువట అది. నాకు భలే నచ్చింది. ఎందుకంటే అందులో తప్పులన్నీ ఎదుటివాళ్ళవే అనుకున్నాను.

ఒక శనివారం మూత బిగించిన గాజుసీసా తెచ్చారు. "ఇందులో పురుగుమందు రెండు చుక్కలుంది. మూత తీస్తాను. వాసన ఎవరికి తగిలితే వాళ్ళు చెయ్యెత్తండి. ఈ ఒక్కసారికి లెక్కపెట్టొద్దు." మూత తీశారు. ముందు బెంచీలో ఒక చెయ్యి లేచింది. తర్వాత మూడు. ఆ తర్వాత అలలాగా వెనక బెంచీ దాకా. నేనూ ఎత్తాను. నిజంగానే వచ్చింది నాకు, ముక్కు పుటాలు మండాయి కూడా.

కిటికీ పక్కన ఒక్క పిల్ల ఎత్తలేదు. సువార్త. వాళ్ళది ఊరి చివర పల్లె. వాళ్ళ నాన్న రెండెకరాలు కౌలుకి చేసేవాడు.

"నాకు రావట్లేదు టీచర్" అంది, జలుబు చేసినందుకు సిగ్గుపడుతున్నట్టు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అన్నాడు వెనకనుంచి ఎవడో. అందరం నవ్వాం.

టీచరు గారు సీసా ఎత్తి, అందులోది గడగడా తాగేశారు. బోరింగు నీళ్ళు. నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. నాకు తలనొప్పి మాత్రం రాత్రి దాకా పోలేదు.

ఆ ఏడే పత్తి పోయింది. శనగపచ్చ పురుగు కాయల్లోకి దూరి తినేస్తోంది. ఏ మందు కొట్టినా తెల్లారేసరికి మళ్ళీ ఆకుల మీద షికారు చేస్తోంది. దసరా ముందు ఊళ్ళోకి ఒక కొత్త మందు వచ్చింది. తెల్ల సీసా, మీద చచ్చిపడ్డ పురుగు బొమ్మ. ఊరు ఊరంతా అదే కొట్టింది. ఆ సీసాలో ఉన్నది టీచరు గారి సీసాలో ఉన్నదానికంటే ఏమాత్రం ఘాటైంది కాదని తర్వాత తేలింది. అప్పటికి మూడుసార్లు కొట్టడం అయిపోయింది, పూత రాలిపోయింది. పక్క ఊళ్ళో ఒకాయన ఆ సీజనులోనే పురుగుమందు తాగి చనిపోయాడు. ఆ కబురు వచ్చిన పూటే మా అమ్మ ఇంట్లో ఉన్న సీసాలన్నీ పట్టుకెళ్ళి పిడకల గూట్లో అడుగున దాచింది. నాన్నకి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

టీచరు గారు మాకిచ్చిన పని చూడటానికి చాలా చిన్నది. "ఇంట్లో అడగండి. ఈ మందు ఎవరి చేలో చూసి కొట్టారు? ఒక్క మాటలో చీటీ మీద రాసుకురండి. తప్పెవరిదో వెతకడానికి కాదు. ఒక నమ్మకం చేను నుంచి చేనుకి ఎలా నడిచిందో చూద్దాం." ఒక క్షణం ఆగి, "మనుషుల పేర్లు రాయొద్దు. ఎవరికీ ఇబ్బంది వద్దు. చేల పేర్లు రాయండి చాలు" అన్నారు.

పాపం, సముద్రం ఒడ్డు మనిషి. మా ఊళ్ళో ఒకే పేరుతో ఐదుగురు మనుషులుంటారు. ఈతచెట్ల చేను మాత్రం ఒక్కటే. బోడిగుట్ట చేను ఒక్కటే, పిల్లవాగు చేను ఒక్కటే. చేను పేరు చెబితే ఆ ఇంటి తాత ముత్తాతలతో సహా చెప్పినట్టు. మాలో ఒక్కరమూ ఆ మాట ఆవిడకు చెప్పలేదు. దాచాలని కాదు, అది తెలియని మనిషి ఉంటుందని మాకు తట్టలేదు.

మాది రాళ్ళబావి చేను. నాన్న గొడ్లకి కుడితి పెడుతుంటే వెళ్ళి అడిగాను. ఆయన బకెట్టు కింద పెట్టి, చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"ఎవరిని చూసీ కాదమ్మా. గుంటూరెళ్ళినప్పుడు కొట్లో బొమ్మ చూసి నేనే తెచ్చా. పురుగు రాలిపోద్దని టీ కొట్టు కాడ చెప్పిందీ నేనే. నన్ను చూసే అందరూ కొట్టారు. అదే రాసుకో."

రాశాను. "ఎవరినీ చూసి కాదు. మా నాన్నే ముందు తెచ్చాడు" అని. రాసి ఆ చీటీ వంక చూశాను. ఇది స్కూలుకి వెళ్తుంది, అందరికీ తెలుస్తుంది, ఊరు నాన్న మీద పడుతుంది, నాన్న పిడకల గూడు వెతుకుతాడు. నా బుర్ర ఇంతే వేగంగా నడిచింది. ఆ వాక్యం కొట్టేసి, కింద "చౌడుచెక్క చూసి" అని రాశాను.

చౌడుచెక్క మా చేను పక్కదే. సువార్త వాళ్ళ కౌలు భూమి. మా చుట్టూ ఇంకా మూడు చేలున్నాయి. నాకు ఆ పేరే ఎందుకు తట్టిందని అప్పుడు అడిగితే పక్కనే ఉంది గదా అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనడానికి నోరు రావడం లేదు. వాళ్ళ మీద అంటే ఎవరూ తిరిగి అడగరని పద్నాలుగేళ్ళకే నాకు తెలుసు, అదీ సంగతి.

శనివారం గోడకి నాలుగు పాత క్యాలెండర్లు వెనక్కి తిప్పి అతికించారు. ఇరవై ఎనిమిది మందిమి. ఎవరి చేను వాళ్ళు సున్నా చుట్టి, పేరు రాసి, చూసి కొట్టిన చేను వైపు బాణం గీయాలి. ఒక్కొక్కరే వెళ్ళి గీశారు. ఈతచెట్ల చేను నుంచి బోడిగుట్టకి, బోడిగుట్ట నుంచి రాళ్ళబావికి. పిల్లవాగు నుంచి రాళ్ళబావికి. చూస్తుండగానే బాణాలన్నీ నేరుగానో చుట్టూ తిరిగో మా చేనుకి చేరాయి. నా వంతు వచ్చింది. ఎర్ర స్కెచ్చి పెన్ను తీసుకుని రాళ్ళబావి నుంచి చౌడుచెక్కకి బాణం గీశాను. ఒకే ఒక్క బాణం.

చౌడుచెక్క నుంచి బాణం ఎటూ వెళ్ళలేదు. సువార్త సున్నా చుట్టి, పేరు రాసి, వచ్చి కూర్చుంది. వాళ్ళ చీటీ మీద "మేం ఆ మందు కొట్టలేదు. వేపకషాయం కొట్టాం" అని ఉంది. ఆ సంగతి నాకు సోమవారం దాకా తెలియదు. పటంలో చూసేవాళ్ళకి మాత్రం, బాణాలన్నీ చేరుకున్న చోటు అదే. మందు కొట్టనివాడూ అందరికంటే ముందు కొట్టినవాడూ ఆ గోడ మీద ఒకేలా కనిపించారు.

టీచరు గారు నా చీటీ, సువార్త చీటీ పక్కపక్కన పెట్టి చూశారు. నా చీటీని కిటికీ వెలుగుకి ఎత్తి చూశారు. బెల్లు కొట్టారు. "వచ్చే శనివారం మాట్లాడుకుందాం" అన్నారు. బస్సు టైమైంది. పటం గోడకే ఉండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నానికి ఊరందరికీ తెలిసింది. సువార్త వాళ్ళ నాన్న చర్చి నుంచి వస్తుంటే నలుగురు ఆపి నిలదీశారట. వాళ్ళింటికెళ్ళి ఆయన మందు కొట్టే పంపు పట్టుకొచ్చి ప్రెసిడెంటు గారి అరుగు మీద పెట్టారు. భూమి గలాయన, ఉన్న కాయ ఏరుకుని చేను వదిలెయ్యమన్నాడు. సోమవారం నాలుగింటికి చావడి దగ్గరికొచ్చి జవాబు చెప్పాలని కబురు. ఆ కౌలు పోతే వాళ్ళకి ఇంకేం లేదు. ఇదంతా అమ్మ అన్నం పెడుతూ చెబుతుంటే నేను పెరుగన్నం దాకా తిన్నాను. నాన్న ఊళ్ళో లేడు, మేనత్త వాళ్ళ ఊరెళ్ళాడు.

సోమవారం రెండో పీరియడు మధ్యలో వచ్చారు. ప్రెసిడెంటు గారు, భూమి గలాయన, ఇంకో నలుగురు. వెనక హెడ్మాస్టరు గారు, ముఖాన నెత్తురుచుక్క లేకుండా.

"ఆ పటం ఇవ్వండి టీచరు గారూ. సాయంత్రం చావడి కాడ చూపించాల" అన్నారు ప్రెసిడెంటు గారు.

ఆవిడ మొదట అర్థంకానట్టు చూశారు. తర్వాత గోడ వైపు చూశారు. పేర్లు దాచానని ఆవిడ అనుకున్నచోట ఊరు ఏం చదువుకుందో అప్పుడు తెలిసినట్టుంది. చేతిలో సుద్దముక్క విరిగింది.

"దేనికండీ?"

"దేనికేంటి? వాడే గదా ముందు కొట్టింది. ఊరంతా మునిగింది. మీ పటంలోనే ఉంది గదా."

ఆవిడ వెళ్ళి పటానికి అడ్డంగా నిలబడ్డారు. "ఆయన ఆ మందు కొట్టడం మీలో ఎవరు చూశారు?"

"పంపేసుకుని తిరగడం మేమందరం చూశాం."

"పంపు చూశారు. పంపులో ఏముందో ఎవరు చూశారు?"

భూమి గలాయన నోరు చేసుకున్నాడు. "మీవాళ్ళు గాబట్టి ఎనకేసుకొస్తన్నారు. మాకు తెలవదా?"

ఆవిడ చెయ్యి కొంగు చాటున ఉంది. బొటనవేలు కదలడం నాకు కనిపించింది. మొదటి బెంచీలో ఉన్నాను నేను. ఆవిడ నా వైపు చూడలేదు. నావైపు తప్ప క్లాసులో అన్ని వైపులా చూశారు. ఒకటి, రెండు, మూడు. నేను లేవాలి. లేచి ఒక్క మాట అంటే చాలు. నాలుగు, ఐదు. పిడకల గూడు. ఆరు, ఏడు. కిటికీ పక్కన బెంచీ కిర్రుమంది, సువార్త లేవబోయింది. టీచరు గారు రెండో చెయ్యి కొద్దిగా కిందికి ఆడించారు. కూర్చోమని. సువార్త కూర్చుంది. ఎనిమిది, తొమ్మిది. నేను బెంచీ అంచు పట్టుకునే ఉన్నాను. పన్నెండు.

"తప్పు నాది" అన్నారు ఆవిడ. "ఆ చివరి బాణం పిల్ల చేత నేను గీయించాను. చీటీ సరిగ్గా చదవకుండా. చౌడుచెక్క వాళ్ళు ఆ మందు కొట్టనే లేదు. వేపకషాయం కొట్టారు."

ఇరవై ఎనిమిది మందిమి ఉన్నాం ఆ గదిలో. ఆ బాణం ఎవరూ చెప్పకుండా నేనే గీయడం ఇరవై ఎనిమిది జతల కళ్ళూ చూశాయి. ఒక్క నోరూ పెగల్లేదు.

"అయితే చీటీలు చూపించండి" అన్నారు ప్రెసిడెంటు గారు.

"చూపించను. పిల్లలకి మాటిచ్చాను."

"మరి రాళ్ళబావి ఆయన ఎవరిని చూసి కొట్టినట్టు?"

నేను ముందున్న పుస్తకం మూసేశాను.

"ఎవరినీ చూసి కాదు" అన్నారు టీచరు గారు.

అంతే. నేను దేనికి భయపడి అంత పని చేశానో ఆ మాట గది మధ్యలో పడింది. ఇక అరుపులు మొదలవుతాయని కళ్ళు మూసుకున్నాను. తర్వాత ప్రెసిడెంటు గారు కండువాతో మెడ తుడుచుకుంటూ అన్నారు.

"ఆయనా? పాపం ఆయన మాత్రం ఏం జేస్తాడు. మంచికే తెచ్చాడు. కొట్టోడు మోసం జేశాడు."

"అవును, పాపం" అన్నాడు భూమి గలాయన.

"పాపం, ఆయనా మునిగాడు గదా" అన్నారు మిగతా నలుగురూ.

ఎవరు ముందన్నారో అడగాల్సిన పని లేకపోయింది. అదే మందు, అదే ఊరు, అదే మునక. అంతవరకూ చావడిలో విచారణ జరగాల్సిన నేరం, మా నాన్న పేరు మీదికి రాగానే పాపమైపోయింది. నేను నిజం రాసి ఉంటే ఏమీ జరిగేది కాదు. నాన్నకి ఒక నిట్టూర్పు ఖర్చయ్యేది, అంతే. సిగ్గంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అయినా లేవలేదు.

వాళ్ళ కోపానికి మాత్రం ఎవరో ఒకరు కావాలి కదా. "పాఠాలు చెప్పమంటే ఊళ్ళో తగువులు పెడతారా?" అని గంట సేపు ఆవిడ్ని నిలబెట్టి అడిగారు. ఆవిడ పటం చింపి, మడిచి, చెత్తబుట్టలో వేశారు. పంపు ఆ సాయంత్రమే వెనక్కి వెళ్ళింది. చావడి సమావేశం లేదు. కౌలు నిలిచింది. రెండు వారాలకి ఆవిడ్ని పల్నాడు లోపల ఎక్కడో ఒక స్కూలుకి డెప్యుటేషన్ మీద వేశారు.

వెళ్ళే రోజు బస్సు దగ్గరికి నేను వెళ్ళాను. క్షమించమని అడగడానికి అని ఇంటి దగ్గర అనుకున్నాను. అక్కడికెళ్ళాక గొడుగు పట్టుకుంటానని చెప్పి గొడుగు పట్టుకున్నాను. జుట్టు ముడిలో పెన్సిలు ఉంది. బస్సు దుమ్ము రేపుకుంటూ కనిపించాక, ఆవిడ నోటు పుస్తకంలోంచి మడిచిన చీటీ తీసి నా చేతిలో పెట్టారు.

"ఇది నీది. చించకు."

తల దించుకున్నాను. కొట్టేసిన వాక్యం ఆవిడ చదివారని అప్పటికే తెలుసు.

"సీసా మూత తీసిన రోజు నీకు వాసన వచ్చిందా పద్మా?"

"వచ్చింది టీచర్. నిజంగా వచ్చింది."

"నీకు నిజంగానే వస్తుంది. అదే నీ భయం, అదే నీ కష్టం." గొడుగు నా చేతిలోంచి తీసుకున్నారు. "వాళ్ళు పటం కోసం వచ్చిన రోజు నేను పన్నెండు లెక్కపెట్టాను. ఇంకో పన్నెండు లెక్కపెట్టాల్సింది. తొందరపడ్డాను."

బస్సెక్కారు. వెనక సీటులో కూర్చున్నారు. మళ్ళీ ఆవిడ్ని చూడలేదు.

నాకు అగ్రికల్చర్ చదువు ఎందుకు పట్టుకుందో ఇంటర్వ్యూలో అడిగితే రైతుల సేవ అని చెప్పాను. చీటీ నా సర్టిఫికెట్ల ఫైల్లో ఉంటుంది, పదో తరగతి మార్కుల కింద. ఈ పదేళ్ళలో ఎన్నోసార్లు తీశాను, ఒక్కసారీ పూర్తిగా విప్పలేదు.

ఎరువుల బస్తాల దగ్గర ఏడవడం అయ్యాక సువార్తకి ఫోను చేశాను. ఒంగోల్లో నర్సు ఇప్పుడు. టీచరు గారు పోయారని నాలుగు నెలల కిందట చెప్పింది తనే. చివరి రోజుల్లో ఆస్పత్రిలో ఆవిడకు సేవ చేసిందీ తనే. నేను ఊపిరి బిగబట్టి చెప్పేశాను. ఆ బాణం టీచరు గారు గీయమనలేదని, నా అంతట నేనే గీశానని.

నేను చిటికెనవేలి దగ్గర మొదలుపెట్టాను. పన్నెండూ అయిపోయాయి. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. రెండో చుట్టులో ఏడో కణుపు దగ్గర సువార్త మాట్లాడింది.

"నాకు అప్పుడే తెలుసు పద్మా. గీస్తున్నప్పుడు చూశాగా. అందుకే లేవబోయా. టీచరు గారు కూర్చోమన్నారు. తర్వాత నన్ను పిలిచి, అది నువ్వు చెప్పాల్సింది కాదమ్మా, ఆ పిల్ల చెప్పాల, చెబుద్ది, ఆగు అన్నారు."

"ఎన్నాళ్ళు ఆగమన్నారు?"

"అది చెప్పలా. మొన్న ఆస్పత్రిలో కూడా అడిగారు, పద్మ ఏమన్నా చెప్పిందా అని. మా నాన్న ఇంకా ఆ చౌడుచెక్కే చేస్తన్నాడు. ఇంట్లోనే ఉంటాడు. ఆదివారం పో. ఆయనకి నువ్వే చెప్పు."

ఆదివారం వెళ్ళాను. చర్చి విడిచిపెట్టే వేళకి పల్లెలో ఉన్నాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, పక్కన గోడకి అదే పాత పంపు తగిలించి ఉంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు ఆయన్ని పేరు పెట్టి, ఏరా అనేవాళ్ళం మా ఇళ్ళ పిల్లలం. "మీరు కూర్చోండి" అన్నాను. ఆ మీరు నా నోట్లో కొత్తగా తిరిగింది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. సంచీలోంచి చీటీ తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని విప్పాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. అరచేత్తో మడతలు సాపు చేశాడు. మళ్ళీ నాకే ఇచ్చాడు.

"నాకు చదువు రాదమ్మా. ఏం రాసుందో నువ్వే చదివి చెప్పు."

పైన కొట్టేసిన దాంతో సహా చదివాను.